కార్పెంటరు లెక్కించిన కోతులు

కోతిని ఎరుగని తెలుగువారుండరు. గుడి మెట్లమీద, రైలుస్టేషనులలో, మామిడితోటలలో అది మనకు నిత్యపరిచితమే. అయినను ఒక కోతిగుంపులో మగవి ఎన్ని, ఆడవి ఎన్ని, పిల్లలెన్ని? ఆ గుంపు తిరుగు తావునకు ఎల్లలు గలవా? పొరుగు గుంపు ఎదురైనచో అది యేమి చేయును? ఈ ప్రశ్నలు వేసినచో మనలో బదులు చెప్పగలవారు అరుదు. ఇది మన కొరత మాత్రమే అని చిన్నబోవలసిన పని లేదు. 1930వ సంవత్సరము నాటికి ప్రపంచమందలి విశ్వవిద్యాలయములలో సైతము ఈ ప్రశ్నలకు అంకెలతో సమాధానమీయగల పండితులు లేకుండిరి. ఆ స్థితిని మార్చినవారిలో ముందుగా పేర్కొనదగినవారు క్లారెన్సు రే కార్పెంటరు అను అమెరికను శాస్త్రజ్ఞులు. ఆయన చరిత్రలో ఒక ఘట్టము మన కలకత్తా రేవుతో ముడివడియున్నది. ఆ ఘట్టము మనకు గర్వము కలిగించునదో, నొప్పి కలిగించునదో పాఠకులే నిర్ణయించుకొందురు గాక.

కార్పెంటరు ఏమి చేసెనో తెలియవలెనన్నచో ఆయనకు ముందు కోతులను ఎక్కడ చూచుచుండిరో తెలియవలెను. బోనులలో చూచుచుండిరి. 1925లో లండను జంతుప్రదర్శనశాలవారు రాళ్లతో ఒక చిన్న కొండను కట్టించి, దానిపై సుమారు నూరు హమద్రియాస్ బబూనులను విడిచిరి. ఇవి ఆఫ్రికా, అరేబియా దేశముల మెరకసీమలలో బ్రతుకు కోతులు. మగవానిని మాత్రమే తెప్పింపవలెనని అధికారుల ఉద్దేశము. పొరపాటున ఆరు ఆడవి కూడ కలిసివచ్చినవి. వాని కొరకు మగవి ఒకదానినొకటి చీల్చుకొన్నవి. 1927లో మరి ముప్పది ఆడకోతులను తెచ్చి విడువగా కలహము శమించుటకు మారు ప్రజ్వరిల్లెను. కొద్ది సంవత్సరములలో ఆ కొండపై చచ్చిన 33 ఆడకోతులలో 30 పోరాటములలోనే చచ్చినవి. దీనిని శ్రద్ధగా పరిశీలించిన సాలీ జుకర్మను అను యువశాస్త్రజ్ఞుడు కోతుల సంఘజీవనమును గూర్చి 1932లో ఒక గ్రంథము ప్రకటించెను. కోతుల సంఘమును కట్టియుంచు త్రాడు కామమనియు, దానిని నడుపు కర్ర పెత్తనమనియు ఆ గ్రంథమువలన లోకము గ్రహించెను. జుకర్మను అడవి బబూనులను కూడ దక్షిణాఫ్రికాలో కొంతకాలము చూచినవారే. కాని లోకము మనస్సున నాటినది ఆ రాతికొండమీది రక్తపాతమే. కోతులే ఇట్టివైనప్పుడు మానవుడు వేరొక విధముగా ఎట్లుండునని ఆ దినములలో పలువురు తర్కించిరి. అందుచేత ఇది కోతులకు మాత్రమే సంబంధించిన వాదము కాదు.

ఆ కాలముననే అమెరికాలో యేలు విశ్వవిద్యాలయమందు రాబర్టు యెర్కిసు అను ఆచార్యుడు, కోతులను వాని యింటనే చూడవలెనని తలచి శిష్యులను అడవులకు పంపుచుండెను. 1929లో హెరాల్డు బింగ్‌హామును గొరిల్లాలకై బెల్జియను కాంగోకు పంపెను. 1930లో హెన్రీ నిస్సెనును చింపాంజీలకై ఫ్రెంచి గినీకి పంపెను. బింగ్‌హాము వెంట కూలీల బారు పెద్దది. అంత జనము చొరబడిన అడవిలో గొరిల్లాలు నిలిచి తమ సంసారమును చూపునా? నిస్సెను మెలకువగా పని చేసెను గాని ఆయనకు దొరకినవి కొన్ని వారములే. మూడవ వంతు కార్పెంటరుది.

కార్పెంటరు 1905లో ఉత్తర కరొలీనా రాష్ట్రమున జన్మించెను. డ్యూకు విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై, పిమ్మట స్టాన్‌ఫర్డులో పావురముల ప్రవర్తనను గూర్చి పరిశోధించి డాక్టరు పట్టము పొందెను. ప్రయోగశాలలో పావురములను చూచినవానికి అడవికోతులతో ఏమి పని యని అడుగవచ్చును. ఆ పని చూపినది ఫ్రాంకు చాప్‌మను అను పక్షిశాస్త్రజ్ఞుడు. ఆయన పనామాలోని బారో కొలరాడో దీవిలో ఏటేట కొంతకాలము గడుపుచు, అచటి చెట్లపై అరుపుకోతులు విస్తారముగా గలవనియు, వానిని చూచుటకు ఎవరినైన పంపుడనియు యెర్కిసునకు సూచించెను.

ఈ దీవి పుట్టుక కూడ ఒక వింతయే. పనామా కాలువ త్రవ్వుటకై చాగ్రెసు నదికి అడ్డుకట్ట వేయగా గాటూను సరస్సు ఏర్పడెను. పల్లపు అడవులన్నియు మునిగినవి. ఒక గుట్ట మాత్రము పైకి నిలిచి దీవియయ్యెను. దాని వైశాల్యము సుమారు పదునైదు చదరపు కిలోమీటర్లు. 1923లో దానిని ప్రకృతి పరిశోధనకై ప్రత్యేకించి, వేటను మాన్పించిరి. నీటి నడుమ చిక్కిన కోతులు ఎక్కడికిని పోలేవు. లెక్క వ్రాయువానికి అంతకంటె అనువైన చోటు మరియొకటి దొరకదు.

1931 డిసెంబరులో కార్పెంటరు అచట దిగెను. ఆయన పద్ధతిలో ఆడంబరము లేదు. ఒక దుర్భిణి, ఒక నోటుపుస్తకము, తగినంత ఓపిక. వేకువజామున లేచి గుంపు నిద్రించిన చెట్టు క్రిందికి చేరుట, ఆకుల మరుగున కదలక కూర్చుండుట, సాయంకాలము వరకు దాని వెంట నడచుట, ఇంతే. మొదటి దినములలో కోతులు ఆయనపై కొమ్మలు విరిచివైచినవి. తలపై మలమూత్రములు విడిచినవి. ఆయన పోలేదు. క్రమముగా వానికి ఆయన ఉనికి అలవాటయ్యెను.

లెక్కించుట వినుటకు సులభమైన మాట. నూరడుగుల యెత్తున, దట్టమైన ఆకుల చాటున, నల్లని కోతులు ఒకటి కూర్చుండ, ఒకటి కదల, ఒకటి తల్లి వీపున అంటియుండ, ఎవరు లెక్కింపగలరు? ఒకే గుంపును ఉదయమున లెక్కించిన ఒక సంఖ్య, మధ్యాహ్నమున లెక్కించిన మరియొక సంఖ్య వచ్చుచుండెను. తుదకు కార్పెంటరు ఒక ఉపాయము కనిపెట్టెను. గుంపు ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు పోవునప్పుడు నడుమనున్న ఒకే కొమ్మదారిని వరుసగా దాటును. ఆ కొమ్మకు ఎదురుగా కూర్చున్నచో, పెండ్లిపందిరి వాకిట నిలిచి బంధువులను లెక్కించినట్లు, ఒక్కొక్కదానిని లెక్కింపవచ్చును. అట్లు ఒకే గుంపును పలుమారులు లెక్కించి, సంఖ్య నిలుకడగా వచ్చువరకు దానిని నమ్మలేదు. 1932లో దీవియందు 23 గుంపులలో 398 కోతులుండెను. 1933లో 28 గుంపులలో 489 ఉండెను. గుంపునకు సగటున పదునేడింటికి పైచిలుకు. అడవిలోని కోతిసంఘముల నిట్లు ఒక ప్రాంతమంతటను గుంపు గుంపుగా లెక్కించి మగ, ఆడ, పిల్లల విభజన చూపిన మొదటి గొప్ప ప్రయత్నమిదియే. ఆయన గ్రంథము 1934లో వెలువడెను.

ఆ గ్రంథమున కనబడు కోతులు లండను కొండమీది కోతులవలె లేవు. ఒక గుంపులో రెండు మూడు పెద్ద మగవి కలిసి బ్రతుకుచున్నవి. ఆడవాని కొరకు అవి గొంతులు కొరుకుకొనుట ఆయన కంటబడలేదు. కొమ్మకును కొమ్మకును నడుమ ఎడమైనచో తల్లి తన శరీరమును వంతెనగా చాచి పిల్లను దాటించును. పిల్ల నేలబడినచో గుంపంతయు ఆగి అరచును. ఒక గుంపును కట్టియుంచునది ఒక్క బంధము కాదనియు, మగకు మగ, మగకు ఆడ, తల్లికి పిల్ల, పిల్లకు పిల్ల అను పెక్కు బంధముల అల్లిక యనియు కార్పెంటరు చెప్పెను. పదునేడు కోతులుగల గుంపులో ఇద్దరిద్దరి నడుమ బంధములు ఎన్ని యగునో లెక్కించిన 136 తేలును. ఆ అల్లికనంతను కామమను ఒక్క పోగుగా చూచుట పొరపాటని ఆయన అభిప్రాయము. మాటకు మాట అని గాక, అంకెతో చెప్పినందున ఈ అభిప్రాయమునకు బలము చేకూరెను.

ఆకాశవాణిలో పనిచేయు మాకు ఈ గ్రంథమునందు మిక్కిలి నచ్చిన భాగము ధ్వనులను గూర్చినది. అరుపుకోతి గొంతులో ఒక ఎముక డొల్లయై, గిన్నెవలె ఉబ్బియుండును. దాని సాయమున అది చేయు గర్జన మైళ్ల దూరము వినవచ్చును. తెల్లవారగనే ఒక గుంపు గర్జించును. దూరమునుండి మరియొక గుంపు బదులు చెప్పును. ఈ గర్జనలకు అర్థమేమి? ఎవరెక్కడ ఉన్నారో తెలిసికొని, ఒకరి తావునకు ఒకరు రాకుండుటకే యని కార్పెంటరు నిర్ణయించెను. రెండు గుంపులు ఎల్లవద్ద ఎదురైనను చాలసేపు అరచి, అలసి, మరలిపోవుచుండెను. రక్తము చిందుట అరుదు. కయ్యము తప్పించుటకు గొంతు నుపయోగించుట మానవులు మాత్రమే కనిపెట్టిన విద్య కాదన్నమాట.

లండను కొండ విషయమేమనగా, తరువాత హాన్సు కుమ్మరు అను స్విసు శాస్త్రజ్ఞుడు 1960–61లో ఇథియోపియాలో హమద్రియాస్ బబూనులను వాని స్వస్థానమున పరిశీలించెను. అచట ఒక్కొక్క మగది తనకు చిన్ననాటి నుండి అలవాటైన కొన్ని ఆడవానితో స్థిరముగా నుండును. ఇతర మగవి ఆ బంధమును సాధారణముగా గౌరవించును. ముందు పరిచయములేని నూరు మగవానిని ఒక చోట కుమ్మరించి, వాని నడుమ ఆడవానిని పడవైచిన యెడల జరిగినది జాతి స్వభావము కాదు, ఆ యేర్పాటు ఫలితము.

ఇంతవరకు చెప్పిన కథలో కార్పెంటరు చేతిలో దుర్భిణి తప్ప మరియేమియు లేదు. 1937లో ఆయన పాల్గొన్న ఆసియా యాత్ర అట్టిది కాదు. హెరాల్డు కూలిడ్జి నాయకత్వమున శాస్త్రజ్ఞుల బృందమొకటి సయామునకు, అనగా నేటి థాయిలాండునకు పోయెను. అందు అడాల్ఫు షుల్ట్జు శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు. ఆయనకు కావలసినవి గిబ్బనుల ఎముకలు, అవయవములు. కార్పెంటరునకు కావలసినవి బ్రతికియున్న గిబ్బనులు. దోయ్ దావో కొండ ప్రాంతమున కార్పెంటరు చెట్ల క్రింద కూర్చుండి గిబ్బనుల సంసారమును వ్రాసికొనెను. ఒక మగది, ఒక ఆడది, వాని పిల్లలు, ఇంతే కుటుంబము. ఉదయమున ఆలుమగలు గొంతు కలిపి పాడును. ఆ పాటలను ఆయన శబ్దగ్రహణయంత్రముతో ముద్రించెను. అదే యాత్రలో ఇతర సభ్యుల తుపాకులకు గిబ్బనులు పెద్ద సంఖ్యలో కూలినవి. ఆ కాలమునకు అది వింత కాదు. మ్యూజియములు అట్లే నిండెను. అయినను, కుటుంబముగా బ్రతుకు జంతువని ఒకరు వ్రాయుచుండగా, ఆ కుటుంబములనే కాల్చి పెట్టెలలో సర్దుట చదువునప్పుడు మాకు మనస్సు ఒప్పలేదు. కార్పెంటరు గిబ్బను గ్రంథము 1940లో వెలువడెను. అది నేటికిని ఆ జాతి పరిశోధకులకు మొదటిమెట్టు.

ఇక కలకత్తా ఘట్టము. వైద్యపరిశోధనకు అమెరికాలో భారతదేశపు ఎర్రమూతి కోతులు, అనగా రీససు జాతివి, విరివిగా కావలసివచ్చెను. యూరపున యుద్ధమేఘములు క్రమ్ముచుండగా ఓడలు ఆగిపోవునేమో యని భయము. ఆ జాతిని అమెరికాకు దగ్గరగానే పెంచుకొన్నచో ఆరోగ్యమైన జంతువులు దొరకును, వాని సంఘజీవనమును చూడను వచ్చును. ఈ రెండు ఉద్దేశములతో పోర్టోరికో తీరమునకు చేరువనున్న కాయో సాంటియాగో అను దీవిని ఎన్నుకొనిరి. దాని వైశాల్యము సుమారు ముప్పదియేడెకరములు. మన గ్రామములలో ఒక పెద్ద రైతు కమతమంత! 1938లో కార్పెంటరు స్వయముగా మనదేశమునకు వచ్చి, కోతులను పట్టువారి వద్ద సుమారు అయిదు వందలను కొని, కలకత్తాలో ఓడ కెక్కించెను. సుమారు నెలన్నర సముద్రయానము. గంగామైదానపు రావిచెట్లపై, గుడిగోపురములపై తిరిగిన కోతులు బోనులలో అట్లాంటికు మహాసముద్రమును చేరినవి. చివరకు ఆ దీవిపై విడువబడినవి 409.

విడిచిన తొలినాళ్లలో లండను కొండ కథయే మరల నడచెను. వేరువేరు ఊళ్లలో పట్టిన కోతులు; ఒకదాని ముఖమొకటి యెరుగవు. కలహములు చెలరేగినవి. పిల్లలు చచ్చినవి. కాలము గడచిన కొలది అవి గుంపులుగా కుదురుకొన్నవి. అప్పుడు కార్పెంటరు ఒక ప్రయోగము చేసెను. ఒక గుంపులో పెత్తనముచేయు మగకోతిని తొలగించెను. ఆ గుంపు తిరుగు తావు కుంచించుకొనిపోయెను. తరువాతి స్థానములలోని మగవానిని కూడ తొలగింపగా లోపల గందరగోళము పెరిగెను. వానిని తిరిగి విడువగా గుంపు తన మునుపటి తావును మరల సంపాదించుకొనెను. సొగసైన ప్రయోగమే. కాని గమనింపుడు: పనామాలో పెక్కు బంధముల అల్లికను చూచిన కన్నులు, తాను తెచ్చి పోసిన కోతుల నడుమ నాయకుని పెత్తనమునే ముఖ్యముగా చూచినవి. చోటు మారినచో కనబడునది మారునని జుకర్మను విషయమున చెప్పిన మాట ఇచటను వర్తించును.

1940లో కార్పెంటరు పెన్సిల్వేనియా రాష్ట్ర కళాశాలకు పోయెను. యుద్ధకాలమున సైనికులకు చలనచిత్రముల ద్వారా శిక్షణ యిచ్చు పద్ధతులను పరిశోధించెను. 1950 తరువాత టెలివిజనుద్వారా పాఠములు చెప్పినచో విద్యార్థులు ఎదుట గురువున్నప్పటివలెనే నేర్చుకొందురా యని పరీక్షించెను. ఫలితములలో పెద్ద భేదము కనబడలేదు. ఈ పరిశోధనలు మా వృత్తికి దగ్గరివైనను ఇచట విస్తరింపము.

ఆయన వెళ్లిన పిదప కాయో సాంటియాగో దీవికి దిక్కులేకపోయెను. ధనము నిలిచిపోయెను. కోతులు కొన్ని పస్తులకు, కొన్ని ప్రయోగశాలలకు ఆహుతియైనవి. 1956లో స్టూవర్టు ఆల్ట్‌మను అను యువకుడు అచటికి చేరునాటికి సుమారు నూటయేబది మాత్రమే మిగిలియుండెను. ఆయన ప్రతి కోతికిని పచ్చబొట్టుతో గుర్తుపెట్టి, తల్లిపిల్లల వంశావళి వ్రాయసాగెను. ఆ లెక్క నేటివరకు తెగలేదు.

పనామా దీవి లెక్క కూడ కొనసాగెను. 1951లో నికొలసు కొలియాసు, చార్లెసు సౌత్‌విక్కు అనువారు లెక్కింపగా 30 గుంపులలో 239 అరుపుకోతులే తేలినవి. గుంపునకు సగటు ఎనిమిది. ఆ ప్రాంతమున వ్యాపించిన పచ్చజ్వరము దీనికి కారణమని భావించిరి. 1959లో కార్పెంటరు స్వయముగా మరల అచటికి పోయి లెక్కింపగా 44 గుంపులలో 814 తేలినవి. ఇరువదియారేండ్ల క్రిందటి అంకె చేతిలో లేకున్న ఈ తగ్గుట, పెరుగుట ఎవరికి తెలిసియుండును?

ఆ సౌత్‌విక్కే 1959లో మన ఉత్తరప్రదేశమునకు వచ్చెను. అలీగఢు విశ్వవిద్యాలయమువారితో కలిసి ఊరూర, రోడ్డువెంబడి, గుడులవద్ద ఎర్రమూతి కోతులను లెక్కించెను. పోలియో టీకా తయారీకై మనదేశమునుండి ఏటేట కోతులను వేలకొలదిగా ఎగుమతిచేయుచున్న దినములవి. వారి లెక్కలో ఊరికోతుల గుంపులలో తల్లులు, పసిపిల్లలు కనబడిరి గాని ఒకటి రెండేండ్ల వయసువి మిక్కిలి తక్కువ. ఎగుమతికి పట్టునది సరిగా ఆ వయసు కోతులనే. కోటానుకోట్లున్నవి, తరుగవు అను నమ్మకమును ఈ లెక్క సడలించెను. 1978 ఏప్రిలు నుండి భారతప్రభుత్వము కోతుల ఎగుమతిని పూర్తిగా నిషేధించెను. కలకత్తాలో ఓడ నెక్కించినవాని విద్యయే కోతులను దేశమున నిలుపుటకు ఉపకరించెనన్నమాట.

కార్పెంటరు చూపిన శాంతిచిత్రము కూడ సంపూర్ణము కాదని తరువాత తెలియవచ్చెను. మనకు పొరుగుననే, ధార్వాడ ప్రాంతపు అడవులలో, 1961 మొదలుకొని యుకిమారు సుగియామా అను జపాను శాస్త్రజ్ఞుడు కొండముచ్చులను పరిశీలించెను. బయటి మగకొండముచ్చులు ఒక గుంపుపై దాడిచేసి పాత నాయకుని తరిమివైచినవి. క్రొత్తగా వచ్చినది ఆ గుంపులోని పాలుత్రాగు పిల్లలను కరచి చంపెను. మొదట ఎవరును నమ్మలేదు. పిమ్మట పలు జాతులలో ఇట్టివి బయటపడినవి. వెనిజులాలోని ఎర్ర అరుపుకోతులలో సైతము 1970 తరువాత ఈ సంగతి కనుగొనబడెను. నాయకుడు మారుట అరుదు. కొన్ని మాసములు చూచినవారికి అది కంటబడకపోవుటలో ఆశ్చర్యము లేదు. కార్పెంటరు చూచినది నిజమే. చూచిన కాలము చాలలేదు.

మన రాష్ట్రములలో గోదావరికి ఉత్తరమున ఎర్రమూతి కోతులు, దక్షిణమున తలపై టోపీవంటి జుట్టుగల కోతులు ఉండునని గ్రంథములలో వ్రాసిరి. ఆ ఎల్ల ఇటీవల చెదరుచున్నది. పంటపొలములమీద పడు కోతులను గూర్చి రైతుల మొర ప్రతి గ్రామమున వినబడుచున్నది. పట్టి వేరొక చోట విడువుడని కొందరు, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయుడని కొందరు చెప్పుదురు. కొమ్మ కెదురుగా కూర్చుండి గుంపు గుంపును లెక్కించినవారు ఆ సభలలో ఎందరుందురో మేము చెప్పజాలము.

కార్పెంటరు 1975లో గతించెను. కాయో సాంటియాగో దీవిపై నేడు పదునైదు వందలకు మించిన కోతులున్నవి. బయటి నుండి క్రొత్తవానిని తేలేదు. అన్నియు 1938లో కలకత్తానుండి పోయినవాని సంతతియే. 2017 సెప్టెంబరు 20న మరియా అను పెనుతుపాను ఆ దీవిమీదుగా పోయి చెట్లను నేలగూల్చెను. నీడ కరవయ్యెను. ఒకదానిని చూచిన ఒకటి పండ్లికిలించు కోతులు అంతకంతకు ఒకదాని ప్రక్క నొకటి కూర్చుండుట నేర్చినవని, కలహములు తగ్గినవని అచటి పరిశీలకులు వ్రాసిరి. మిట్టమధ్యాహ్నము మిగిలిన చెట్టుమోడు నీడ ఎంత సన్నముగా పడునో, అంత సన్నముగా అవి బారుదీరి కూర్చుండును. పచ్చబొట్టు అంకెలను చూచి, ఎవరి ప్రక్క ఎవరున్నారో పరిశీలకులు వ్రాసికొనుచున్నారు.